తిరిగి వచ్చినవారి వాంగ్మూలం: ఉత్తరాఫ్రికా బందీ కథనాల పఠన సమస్య

ప్రవేశిక

పదహారో శతాబ్ది నుంచి పంతొమ్మిదో శతాబ్ది తొలి దశాబ్దాల వరకు మధ్యధరా సముద్రంలోనూ అట్లాంటిక్ తూర్పు జలాల్లోనూ ఐరోపా ఓడలు ఉత్తరాఫ్రికా కోర్సేర్ల చేతికి చిక్కుతూ వచ్చాయి. అల్జీర్స్, ట్యునీస్, ట్రిపోలీ, మొరాకో తీరంలోని సాలే వీరి ప్రధాన రేవులు. కోర్సేర్లు మామూలు ఓడదొంగలు కారు. పాలకుల అనుమతితో, దోపిడిలో వారికి వాటా చెల్లిస్తూ, శత్రుదేశాల ఓడలను పట్టేవారు. పట్టుబడిన నావికులు, ప్రయాణికులు, తీరగ్రామాల ప్రజలు అంగళ్లలో బానిసలుగా అమ్ముడుపోయారు. వారిలో కొద్దిమంది మాత్రమే స్వదేశం చేరారు. అలా చేరినవారిలోనూ బహు కొద్దిమంది తమ అనుభవాన్ని గ్రంథస్థం చేశారు. స్పానిష్, ఇంగ్లీషు, ఫ్రెంచి, డచ్చి, ఐస్‌లాండిక్ మొదలైన భాషల్లో వెలువడిన ఈ రచనలే బందీ కథనాలు.

ఈ కథనాలపై జరిగిన చర్చ ప్రధానంగా రెండు మార్గాల్లో సాగింది. చరిత్రకారులు వీటిని సమాచార నిధులుగా చూశారు. బానిసల ధర, పని, తిండి, శిక్ష, విడుదల పద్ధతి వంటి వివరాలను వీటినుంచి ఏరుకున్నారు. సాహిత్య విమర్శకులు వీటిని భావజాల పాఠ్యాలుగా చూశారు. ఇస్లాం పట్ల క్రైస్తవ ఐరోపా పెంచుకున్న ద్వేషానికీ, రాబోయే వలసాధిపత్యానికీ ఇవి రంగం సిద్ధం చేశాయని నిరూపించారు. రెండు మార్గాలకూ ఆధారాలున్నాయి. అయితే కథనాన్ని ఎవరు ఎవరి ముందు చెప్పారన్న ప్రశ్న ఈ రెండింటిలోనూ వెనకబడిపోయింది.

బందీ కథనానికి రూపం ఇచ్చింది చెర కాదు, తిరిగి రావడం. తిరిగి వచ్చినవాడు తన సమాజం ముందు అనుమానితుడిగా నిలబడ్డాడు. ప్రాణాలతో ఎలా మిగిలాడు, మతం నిలుపుకున్నాడా, శత్రువుకు సాయపడ్డాడా అన్న ప్రశ్నలకు అతడిచ్చిన వాంగ్మూలమే ఆ కథనం. కనుక అందులో ఆ వాంగ్మూలానికి అనుకూలించే మాటల కంటే, దానికి అడ్డుపడుతూ కూడా మిగిలిపోయిన మాటలకే సాక్ష్యవిలువ ఎక్కువ. ఈ ప్రతిపాదనను సెర్వాంటెస్, విలియం ఓక్లీ, జోసెఫ్ పిట్స్, ఎలిజబెత్ మార్ష్ రచనల ఆధారంగా పరీక్షించడం ఈ వ్యాస లక్ష్యం.

అనుమానానికి మూలం

తిరిగి వచ్చినవారిని స్వదేశం ఎందుకు అనుమానించిందో గ్రహించాలంటే ఆ చెర స్వభావం తెలియాలి. అందులోంచి బయటపడే దారులు మూడు: విమోచన ధనం చెల్లించడం, పారిపోవడం, మతం మారి అక్కడి సమాజంలో స్థానం సంపాదించడం. మతం మారినంత మాత్రాన బానిసత్వం రద్దు కాదు. కానీ నమ్మకస్తుడైన సేవకుడిగా, సైనికుడిగా, ఓడ కప్తానుగా ఎదిగే అవకాశం దాంతో తెరుచుకునేది. 1577 నుంచి 1581 వరకు అల్జీర్స్‌లో బందీగా ఉన్న పోర్చుగీసు మతాచార్యుడు అంటోనియో దె సోసా ఆ నగరాన్ని విస్తారంగా వర్ణించాడు. ఆ గ్రంథం 1612లో వాయదోలిద్‌లో దియెగో దె ఆయెదో పేరుతో వెలువడింది. అందులో పేర్కొన్న కోర్సేరు కప్తానుల్లో సగానికి పైగా మతం మారిన ఐరోపావారే. సెర్వాంటెస్ బందీగా ఉన్న కాలంలో అల్జీర్స్‌ను పాలించిన హసన్ పాషా కూడా వెనిస్‌లో పుట్టి మతం మారినవాడే.

అంటే స్వదేశీయుల దృష్టిలో బందీకీ శత్రువుకూ మధ్య ఉన్న గీత చాలా పలుచనిది. స్పెయిన్, ఇటలీ, పోర్చుగల్‌లలో మతం మారి తిరిగివచ్చినవారు ఇన్‌క్విజిషన్ న్యాయస్థానం ముందు హాజరై విచారణకు లోబడవలసి వచ్చింది. ఆ విచారణ పత్రాల ఆధారంగానే బార్తొలొమే, లూసిల్ బెన్నస్సార్ దంపతులు 1989లో మతాంతరీకరణపై తమ ప్రసిద్ధ అధ్యయనాన్ని వెలువరించారు. ప్రొటెస్టెంటు ఇంగ్లండు కూడా ఇందుకు మినహాయింపు కాదు. 1637లో ఆర్చిబిషప్పు లాడ్ హయాంలో, మతం మారి తిరిగివచ్చినవారి కోసం ప్రత్యేక ప్రాయశ్చిత్త విధి రూపొందింది. అపరాధి తెల్లని దుప్పటి కప్పుకొని చర్చి ద్వారం దగ్గర అందరి ఎదుట నిలబడాలి. బందీ కథనం చదివిన తొలితరం పాఠకులు ఈ ద్వారం లోపలివైపు ఉన్నవారు. రచయిత వెలుపల నిలబడి వారితో మాట్లాడాడు.

వాంగ్మూలం నుంచి కల్పనకు: సెర్వాంటెస్

ఈ స్థితికి అత్యంత స్పష్టమైన నిదర్శనం సెర్వాంటెస్ జీవితంలో దొరుకుతుంది. 1575లో నేపుల్స్ నుంచి స్పెయిన్‌కు వస్తూ, 'సోల్' అనే ఓడలో తమ్ముడు రొద్రీగోతోపాటు అతడు పట్టుబడ్డాడు. అతడి దగ్గర ఆస్ట్రియా డాన్ హువాన్ ఇచ్చిన సిఫారసు లేఖలు ఉండటంతో గొప్పింటివాడని భావించి విడుదలకు భారీ మొత్తం అడిగారు. మేలు చేయవలసిన లేఖలే సంకెళ్లయ్యాయి. నాలుగుసార్లు పారిపోవడానికి ప్రయత్నించి విఫలమయ్యాడు. చివరకు 1580 సెప్టెంబరులో ట్రినిటేరియన్ సంఘానికి చెందిన ఫ్రే హువాన్ హిల్ 500 ఎస్కుదోలు చెల్లించి విడిపించాడు.

విడుదలైన సెర్వాంటెస్ వెంటనే ఓడ ఎక్కలేదు. అక్టోబరులో అల్జీర్స్‌లోనే ఒక నోటరీ సమక్షంలో తన ప్రవర్తనపై విచారణ జరిపించుకున్నాడు. తానే రూపొందించిన 25 ప్రశ్నలకు 12 మంది సాక్షులు సమాధానాలు చెప్పారు. బ్లాంకో దె పాస్ అనే మతాచార్యుడు తనపై ప్రతికూల సాక్ష్యాలు సేకరిస్తున్నాడని తెలియడమే ఇందుకు కారణం. డాన్ కిహోటే కర్త బందీ జీవితాన్ని గురించి సిద్ధం చేసిన తొలి సమగ్ర పాఠ్యం నాటకమూ కాదు, నవలా కాదు. అది న్యాయపత్రం. ప్రశ్నను తానే రాసి జవాబును ఇతరులచేత చెప్పించడం దాని నిర్మాణ సూత్రం.

ఈ పత్రం సాధించవలసినదాన్ని సాధించింది. సెర్వాంటెస్ ధైర్యస్థుడనీ, తోటి బందీలను కాపాడటానికి నేరమంతా తనమీద వేసుకున్నాడనీ సాక్షులు ముక్తకంఠంతో చెప్పారు. కానీ ఒక ఖాళీ మిగిలిపోయింది. పారిపోయే ప్రయత్నాలకు ఇతరులు ప్రాణాలతో మూల్యం చెల్లించిన చోట, ప్రతిసారీ సూత్రధారిగా పట్టుబడ్డ ఈ మనిషిని హసన్ పాషా ఎందుకు వదిలిపెట్టాడు? జీవితచరిత్రకారులను నేటికీ వేధించే ఈ ప్రశ్నకు వాంగ్మూలంలో చోటు లేదు. అనుమానితుడు తన శత్రువు దయను వివరించబోతే అనుమానం పెరుగుతుందే తప్ప తగ్గదు.

పాతికేళ్ల తరువాత, 1605లో వెలువడిన డాన్ కిహోటే తొలి భాగంలో 39 నుంచి 41 వరకు అధ్యాయాల్లో ఒక బందీ తన కథ చెబుతాడు. ఆ కథలో సావెద్రా అనే సైనికుడు క్షణకాలం కనిపించి మాయమవుతాడు. అన్ని సాహసాలు చేసినా యజమాని ఆ సైనికుణ్ణి కొట్టలేదు, కొట్టించలేదు, పరుషంగా మాట్లాడలేదు అని కథకుడు ఆశ్చర్యపోతాడు. సావెద్రా సెర్వాంటెస్ వాడుకున్న ఇంటిపేరు. న్యాయపత్రంలో ఉత్తమ పురుషలో చెప్పలేని సంగతి, కల్పనలో మరో పాత్ర నోట ప్రథమ పురుషలో బయటపడింది. ఇక్కడ కల్పన వాస్తవానికి దూరంగా జరగలేదు. వాంగ్మూలం మోయలేని వాస్తవాన్ని అది మోసింది.

దయగల యజమాని, ధర్మసందేహం: ఓక్లీ

సెర్వాంటెస్‌కు కల్పన కల్పించిన వెసులుబాటు సామాన్య బందీలకు లేదు. 1675లో ప్రచురితమైన విలియం ఓక్లీ కథనం 'ఎబెనెజర్' ఇందుకు మంచి ఉదాహరణ. దైవసహాయానికి స్మారకంగా నిలిపిన రాయి అన్న బైబిలు అర్థంలోంచి ఈ పేరు వచ్చింది. 1639లో అమెరికా దిశగా బయలుదేరిన 'మేరీ' ఓడలో పట్టుబడి, 1644లో మరికొందరితో కలిసి గుడ్డతో తయారుచేసిన పడవలో అతడు మయోర్కా ద్వీపానికి పారిపోయాడు. పడవ చట్రాన్ని విడిభాగాలుగా రహస్యంగా తయారుచేసి, తారు పూసిన గుడ్డను చట్రానికి తొడిగి సముద్రం దాటిన ఘట్టమే ఈ గ్రంథానికి కీర్తి తెచ్చింది. అంతటా దేవుడి హస్తం కనిపించేలా కథ నడుస్తుంది. విషయం తనదే అయినా పుస్తకానికి ఆకృతి ఇచ్చింది మరొకరని ఓక్లీ ముందుమాటలోనే ఒప్పుకున్నాడు.

అయితే ఈ భక్తికథనంలో ఒక చోట మాత్రం నేల కుంగుతుంది. ఓక్లీ చివరి యజమాని వృద్ధుడు, దయాళువు. అతణ్ణి కొడుకులా చూసుకున్నాడు. పారిపోయే ముందు ఓక్లీని ఒక సందేహం పట్టుకుంది. యజమాని డబ్బు పెట్టి కొన్నాడు, ఆదరించాడు. ఇప్పుడు పారిపోతే అతడి సొత్తును దొంగిలించినట్లు కాదా? మనిషిని ఆస్తిగా భావించే హక్కు ఎవరికీ లేదనీ, తన సమ్మతి లేకుండా జరిగిన అమ్మకం తనను కట్టివేయదనీ వాదించుకొని చివరకు ఆ సందేహాన్ని జయించాడు.

సంపాదకుడు దిద్దిన భక్తిగ్రంథానికి ఈ సందేహం అవసరం లేదు. క్రూర యజమాని నుంచి దేవుడు విడిపించాడని చెబితే కథ సాఫీగా సాగేది. ముప్పయ్యేళ్ల తరువాత, మరొకరి కలం గుండా వచ్చి కూడా ఆ ముల్లు మిగిలి ఉందంటే, అది అనుభవంలోంచి వచ్చిందని నమ్మడానికి వీలుంది. అంతకంటే లోతైన విషయం మరొకటుంది. ఓక్లీ ప్రయాణించిన ఓడ గమ్యం కరీబియన్‌లోని ప్రావిడెన్స్ ద్వీపం. ఇంగ్లీషు ప్యూరిటన్‌ల ఆ వలస అప్పటికే ఆఫ్రికన్ బానిసల శ్రమపై నడుస్తోంది. సమ్మతి లేని అమ్మకం చెల్లదన్న ఓక్లీ వాదాన్ని అతడు చేరబోయిన రేవుకు వర్తింపజేస్తే, ఆ వలస పునాదే కదిలిపోతుంది. బందీ కథనం తన ఎల్లలు దాటి ప్రశ్నించే శక్తి ఈ చోట ఉంది. ఆ శక్తిని రచయిత గుర్తించాడా లేదా అన్నదానితో దానికి నిమిత్తం లేదు.

నేరమే అర్హతగా: పిట్స్

మతం మారినవాడు రాసిన కథనం మరింత కఠినమైన పరీక్ష. ఎక్సెటర్‌కు చెందిన జోసెఫ్ పిట్స్ 1678లో, పదిహేనేళ్ల ప్రాయంలో పట్టుబడ్డాడు. అతడి రెండో యజమాని అరికాళ్లపై కొట్టించి బలవంతాన మతం మార్పించాడు. మూడో యజమాని అతణ్ణి మక్కా యాత్రకు తీసుకువెళ్లి అక్కడే దాస్యవిముక్తి పత్రం ఇచ్చాడు. విముక్తుడైన తరువాత కూడా పిట్స్ అతడి దగ్గరే కొంతకాలం ఉన్నాడు. ఓడల దండుతో స్మిర్నా చేరినప్పుడు తప్పించుకొని, ఇటలీ, జర్మనీ మీదుగా స్వదేశం చేరాడు. ఇంగ్లండులో అడుగుపెట్టిన తొలి రాత్రే నౌకాదళంలో చేర్చడానికి బలవంతంగా పట్టుకుపోయారు. 1704లో అతడి గ్రంథం ఎక్సెటర్‌లో వెలువడింది. హజ్ యాత్రను స్వయంగా చూసి వర్ణించిన తొలి ఇంగ్లీషు రచన ఇదే.

పిట్స్ సమస్య విలక్షణమైనది. తన రచనకు ప్రామాణికత ఇచ్చేది తన నేరమే. ముస్లిమేతరులకు ప్రవేశం లేని మక్కాను చూశాడంటే మతం మారినందువల్లనే చూశాడు. అందువల్ల ఒకే గ్రంథంలో రెండు గొంతులు వినిపిస్తాయి. ఒకటి పశ్చాత్తాపం ప్రకటిస్తూ ఇస్లాంను నిందించే గొంతు. రెండోది చూసిన దాన్ని చూసినట్టు చెప్పాలన్న పట్టుదల గల గొంతు. ప్రవక్త శవపేటిక అయస్కాంతశక్తితో గాలిలో వేలాడుతుందన్న ఐరోపా వదంతి అబద్ధమని పిట్స్ తేల్చిచెప్పాడు. యాత్రికులు తలలు వంచి కన్నీరు కార్చే దృశ్యం హృదయాన్ని కదిలించిందని రాసి, అంతటి భక్తి క్రైస్తవుల్లో కొరవడిందని నొచ్చుకున్నాడు.

ఇస్లాంపై నింద ఆనాటి పాఠకుడికి చెల్లించిన సుంకం. సవరణ పాఠకుడు అడగనిది. భావజాల విమర్శ పూర్తిగా నిందపైనే దృష్టి పెట్టినప్పుడు, పిట్స్‌ను అతడి కాలపు ద్వేషానికి మరో ప్రతిధ్వనిగా కుదించే ప్రమాదం ఉంది. సమాచారాన్వేషణ పూర్తిగా వివరాలపైనే దృష్టి పెట్టినప్పుడు, ఆ వివరాలకు రచయిత చెల్లించిన మూల్యం కనిపించకుండా పోతుంది.

మర్యాద అనే న్యాయస్థానం: ఎలిజబెత్ మార్ష్

స్త్రీ బందీ విషయంలో ప్రశ్న మతంతో ఆగదు. 1756లో జిబ్రాల్టర్ నుంచి ఇంగ్లండుకు ప్రయాణిస్తూ ఎలిజబెత్ మార్ష్ మొరాకో నావికులకు చిక్కింది. అవివాహిత కావడంతో రక్షణ కోసం తోటి బందీ, వర్తకుడు జేమ్స్ క్రిస్ప్ భార్యగా నటించింది. మరాకెష్‌లో పాలకుడు సిదీ ముహమ్మద్ తన అంతఃపురంలో ఉండమని కోరగా తిరస్కరించింది. చెర కొద్ది నెలలే. ఆ తరువాత క్రిస్ప్‌నే పెళ్లాడింది. 1769లో, భర్త వ్యాపారం దివాలా తీసిన స్థితిలో, తన పేరు చెప్పకుండా రెండు సంపుటాలుగా కథనాన్ని ప్రచురించింది.

ఈ గ్రంథంలో హింస తక్కువ, సంజాయిషీ ఎక్కువ. ఎవరి సమక్షంలో, ఏ పరిస్థితుల్లో, ఎంతసేపు ఏకాంతంగా ఉన్నదీ వివరించడంలో రచయిత్రి చూపే జాగ్రత్త, పాఠకుల మనసులో ఉన్న ప్రశ్న ఏమిటో చెప్పకనే చెబుతుంది. మగబందీ విశ్వాసం నిరూపించుకోవాలి. ఆడబందీ విశ్వాసంతోపాటు శీలమూ నిరూపించుకోవాలి.

మార్ష్ జీవితం తెలుగు పరిశోధకులకు మరోవిధంగా కూడా ఆసక్తికరం. భర్త ఢాకాలో ఉండగా, 1774 చివర ఆమె కలకత్తా నుంచి ఓడలో మద్రాసు చేరి, ఉత్తర సర్కారుల మీదుగా భూమార్గంలో తిరిగి వెళ్లింది. ఆ ప్రయాణ దినచర్య రాతప్రతిగా మిగిలింది. లిండా కోలీ 2007లో వెలువరించిన జీవితచరిత్ర ఆ రాతప్రతికి విస్తృత ప్రాచుర్యం తెచ్చింది. అచ్చుకు పోని ఆ దినచర్యలో విందులు, నాట్యసభలు, అనారోగ్యాలు, పరిచయాలు సంజాయిషీ లేకుండా నమోదయ్యాయి. భర్త తోడు లేకుండా నెలల తరబడి సాగిన ప్రయాణమైనా రచయిత్రి ఎవరికీ జవాబుదారీగా మాట్లాడదు. రాసిన చేయి ఒకటే. ఒక రచన ముందు న్యాయస్థానం ఉంది, మరొకదాని ముందు లేదు. బందీ కథనంలోని స్వరం రచయిత స్వభావం కంటే సందర్భ నిర్బంధాన్నే ఎక్కువ తెలుపుతుందనడానికి ఈ తేడా బలమైన ఆధారం.

రాయనివారి ఉనికి

వాంగ్మూలం ఇచ్చే అవకాశం అసలు రానివారి సంఖ్యే ఎక్కువ. 1530 నుంచి 1780 వరకు పది లక్షల నుంచి పన్నెండున్నర లక్షల మంది ఐరోపావారు ఉత్తరాఫ్రికాలో బానిసలయ్యారని రాబర్ట్ డేవిస్ 2003లో అంచనా కట్టాడు. ఆయా కాలాల సంఖ్యలను దీర్ఘకాలానికి విస్తరించి కట్టిన లెక్క కనుక దీనిపై విమర్శ ఉంది. సంఖ్య ఎంతైనా, మిగిలిన కథనాలు అందులో అణుమాత్రం. 1627లో ఐస్‌లాండ్‌కు చెందిన వెస్ట్‌మన్ దీవులపై జరిగిన దాడిలో సుమారు 240 మంది అల్జీర్స్‌కు బందీలుగా వెళ్లారు. వారిలో మతాచార్యుడు ఓలావుర్ ఎగిల్సన్‌ను విమోచన ధనం కూడగట్టడానికి డెన్మార్క్ రాజు దగ్గరకు పంపారు. యుద్ధభారంతో ఖజానా ఖాళీ అయిన రాజు ఏమీ ఇవ్వలేకపోయాడు. భార్యాబిడ్డలను అక్కడే విడిచి ఒంటరిగా ఇల్లు చేరిన ఆ వృద్ధుడి యాత్రాకథనంలో, తిరిగి రావడం విజయం కాదు, అపరాధభావం. దాదాపు దశాబ్దం తరువాత విడుదలై వచ్చినవారు కొద్దిమందే.

మరోవైపు, మాల్టా, లివోర్నో వంటి రేవుల్లో ముస్లిం బందీలు క్రైస్తవుల ఓడల్లో తెడ్లు వేశారు. 1597లో పట్టుబడి మాల్టాలో చెరలో ఉన్న ఒట్టోమన్ న్యాయాధికారి మజున్‌జూజాదె ముస్తఫా, 1688లో ఆస్ట్రియన్లకు చిక్కిన తెమేశ్వర్ ఉస్మాన్ ఆగా తమ అనుభవాలు రాసుకున్నారు. అలాంటి రచనలు ఎక్కువగా రాతప్రతులుగానే ఉండిపోయాయి. విమోచన సంఘాలు, ముద్రణశాలలు, పుస్తక విక్రేతలు కలిసి బందీ కథనానికి కల్పించిన మార్కెట్టు ఐరోపాలో ఉన్నట్టు అక్కడ లేదు. సహారా ఎడారి దాటించి ఉత్తరాఫ్రికా అంగళ్లలో అమ్మిన ఆఫ్రికన్ బానిసల గొంతు ఇంకా అరుదు. ఒక పక్షం పుస్తకాలు ఎక్కువగా మిగిలినంత మాత్రాన ఆ పక్షమే ఎక్కువ బాధపడిందని తీర్మానించడం పొరపాటు.

ముగింపు

ఈ పరిశీలన రెండు నిర్ధారణలకు దారితీస్తుంది. మొదటిది, బందీ కథనాలను ఏకరూప ప్రక్రియగా కాక, వేర్వేరు న్యాయస్థానాల ముందు ఇచ్చిన వాంగ్మూలాలుగా వర్గీకరించి చదవాలి. సెర్వాంటెస్ ముందు నిలిచింది మతపరమైన అభియోగం, పిట్స్ ముందు నిలిచింది చర్చి ద్వారం, మార్ష్ ముందు నిలిచింది లోకమర్యాద. రెండోది, వాంగ్మూలం తన ప్రయోజనానికి విరుద్ధంగా మాట్లాడిన చోట విమర్శకుడు ఆగాలి. కొట్టని యజమాని, పారిపోవడానికి సందేహించిన దాసుడు, మక్కాలో కన్నీరు చూసి చలించిన పశ్చాత్తప్తుడు అలాంటి చోట్లు. భావజాలం కోరనిదీ, వ్యాపారం అడగనిదీ అక్కడ మిగిలి ఉంది.

మక్కాలో పిట్స్‌కు ఒక ఐరిష్ మనిషి కలిశాడు. పసితనంలోనే పట్టుబడి మతాన్నీ మాతృభాషనూ కూడా మరిచిపోయినవాడు. ముస్లింగా మారిన తరువాత క్రైస్తవుల చేతికి చిక్కి, స్పెయిన్‌లోనూ ఫ్రెంచి ఓడలపైనా ముప్పయ్యేళ్లు బానిసత్వం అనుభవించి, విడుదలై మక్కా చేరాడు. రెండు మతాల చెరనూ చూసిన ఆ మనిషి ఏ న్యాయస్థానం ముందూ నిలబడలేదు, ఏ పుస్తకమూ రాయలేదు. తిరిగి వెళ్లాలన్న కోరికా అతడికి లేదు. పిట్స్ గ్రంథంలో అతడికి దక్కినవి కొన్ని పంక్తులే. తిరిగి వచ్చినవారి వాంగ్మూలాల్లో తిరిగి రానివారు మిగిలి ఉండేది ఇలాంటి పంక్తుల్లోనే. వాటిని వెతికి చదవడం ఈ ప్రక్రియపై జరగవలసిన పరిశోధనకు తొలి కర్తవ్యం.